ఈసీలో కనబడని చెల్లెలు

సంపాదకులు గారికి నమస్కారం.

విజయనగరంలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు దగ్గర్లో 2004 నుంచి జిరాక్స్ షాపు నడుపుకుంటున్నాను. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, మధ్యవర్తులు, సాక్షి సంతకానికని పిలిస్తే వచ్చినవాళ్లు, అందరూ నా గుమ్మం తొక్కేవాళ్లే. క్రయ దస్తావేజులు, పాసు పుస్తకాలు, ఆధార్లు, ఈసీలు (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు, అంటే ఒక ఆస్తి మీద రిజిస్టరు అయిన లావాదేవీల జాబితాలు) పొద్దస్తమానం నా మెషీను గాజు మీద బోర్లా పడుకునే ఉంటాయి. అందుకని ఇల్లు కొనడం గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. ఆ ధీమాయే నన్ను ఎనిమిది నెలలు తిప్పింది.

2023లో సిరిమాను పండక్కి ముందు దాసన్నపేట వైపు 140 గజాల్లో ఒక డాబా ఇల్లు బేరానికి వచ్చింది. 32 లక్షలకు తెగింది. ఆన్‌లైన్‌లో ఈసీ నేనే తీశాను. 1983 నుంచి వెతికితే ఒక్కటే ఎంట్రీ. 2006లో అన్నదమ్ములిద్దరు ఇప్పటి ఓనరుకు అమ్మిన దస్తావేజు. తాకట్టు లేదు. నిషేధిత భూముల జాబితాలో, అదే మనవాళ్లు 'ట్వంటీటూ ఏ' అంటారే, అందులో ఆ సర్వే నంబరు లేదు. ఇంకేం కావాలి? పైగా మధ్యవర్తి తనకు తెలిసిన ఒక లాయర్ని తీసుకొచ్చాడు. ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పి, టీ చల్లారకముందే "అంతా క్లియర్, వెళ్లిపోండి" అన్నాడు. 2 వేలు ఇచ్చాను. మర్నాడు వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకుని 2 లక్షలు బయానా కట్టేశాను.

మా ఆవిడకు మాత్రం మనసొప్పలేదు. "ఏటండీ, ఇరవై రూపాయల వంకాయలు నాలుగు సార్లు తిప్పి చూస్తారు, ఇంటికి ఇంత తొందరేటి?" అంది. ఆవిడ పోరు పడలేక, సివిల్ కేసులు చూసే ఒక లాయరమ్మ గారి దగ్గరికి వెళ్లాను. అరవై దాటిన మనిషి. నేను చెప్పేది సగంలోనే ఆపించి, 2006 నాటి దస్తావేజు తీసుకుని మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టారు. రెండో పేజీలో ఒకచోట ఆగారు. 'మా తండ్రిగారు కాలధర్మం చెందిన పిదప వారసత్వపు హక్కుగా మాకు సంక్రమించి, మా స్వాధీన అనుభవంలో ఉన్న' అని ఉంది అక్కడ. 'మాకు' అన్న మాట కింద పెన్సిలు పెట్టారు.

"ఈ మాకు అంటే ఎంతమంది నాయనా?"

"ఇద్దరండీ. ఇద్దరూ సంతకాలు పెట్టారు కదా."

"సంతకం పెట్టినవాళ్లు ఇద్దరు. పుట్టినవాళ్లు ఎంతమంది?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ పేజీ జిరాక్స్ నా చేత్తోనే తీశాను. బహుశా 2006లో కూడా నేనే తీసి ఉంటాను.

వాకబు చేస్తే ఆ అన్నదమ్ములకు ఒక చెల్లెలు ఉందని తేలింది. నరసన్నపేటలో కాపురం. ఆ స్థలం తండ్రి 1978లో తన కష్టార్జితంతో కొన్నది. ఆయన 1999లో వీలునామా రాయకుండా పోయాడు, తర్వాత తల్లీ పోయింది. ఆడపిల్లకు వాటా హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతోనే వచ్చిందని నేనూ అనుకునేవాణ్ణి. అది ఉమ్మడి ఆస్తి సంగతట. తండ్రి సొంతంగా కొన్న ఆస్తి అయితే, ఆయన వీలునామా లేకుండా పోయినప్పుడు కూతురికి కొడుకుతో సమానంగా వాటా 1956 నాటి అసలు చట్టంలోనే ఉంది. అంటే నేను 32 లక్షలు పెట్టి కొనబోయిన ఇంట్లో మూడో వంతు నాకు అమ్మనివాళ్లది. "ఇన్నేళ్లయింది కదా, ఇంకా హక్కు ఉంటుందా అమ్మా?" అని అడిగాను. "కోర్టుకెళ్తే ఎటు తేలుతుందో నేను చెప్పలేను. నువ్వు కొనేది ఇల్లా, దావానా?" అన్నారు.

ఇదేదీ ఈసీలో కనబడదు. ఈసీ రిజిస్టరు అయిన కాగితాలకు లెక్క, అంతే. చావులు, పెళ్లయి వెళ్లిన చెల్లెళ్లు, రిజిస్టరు చేయని వీలునామాలు అందులోకి ఎక్కవు. సబ్ రిజిస్ట్రారు గారు చూసేది కూడా సంతకం పెడుతున్నది ఆ మనిషేనా, స్టాంపు డ్యూటీ సరిగ్గా కట్టారా అన్నదే. అమ్మేవాడికి అసలు పూర్తి హక్కు ఉందా అని విచారణ చెయ్యడం ఆయన పని కాదు. ఇరవై ఏళ్లుగా ఆ ఆఫీసు నీడలో కూర్చుని బతుకుతూ నాకు ఈ ముక్క తెలియదంటే, మిగతావాళ్ల సంగతి ఏం చెప్పను.

ఆ చెల్లెలి చేత సంతకం పెట్టించి ఒక దస్తావేజు రిజిస్టరు చేయిస్తే దారి ఉందన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. అన్నలతో మాటల్లేవట. పెట్టమని అడగడానికి నాకూ నోరు రాలేదు. ఇక బయానా. అగ్రిమెంటులో 'కొనుగోలుదారు హక్కు విషయములు విచారించుకొని తృప్తి చెందినారు' అని ఒక వాక్యం ఉంది, దాని కింద నా సంతకం. అమ్మేవాడు హక్కులో లోపం తెలిసి దాచకూడదని ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ చెబుతుంది గానీ, ఈ పెద్దమనిషికీ ఆ సంగతి తెలిస్తే కదా. 2006లో ఆయనా నాలాగే కొన్నాడు. ఆయన్ను ఏమీ అనలేను. ఐదు విడతల్లో ఇచ్చాడు. చివరి 30 వేలు మే నెల ఎండల్లో చేతికొచ్చాయి.

తర్వాత రింగ్ రోడ్డు వైపు ఇంకో ఇల్లు చూసుకున్నాం. ఈసారి లాయరమ్మ గారు సరే అనేదాకా జేబులో చెయ్యి పెట్టలేదు. ఆవిడ 1971 దాకా లింకు దస్తావేజులన్నీ, అంటే ఆ ఆస్తి ఒకరి నుంచి ఒకరికి చేతులు మారిన పాత కాగితాలన్నీ, అడిగారు. అవి కూడా మధ్యవర్తి ఇచ్చిన జిరాక్సులు కాదు, ఆఫీసు నుంచి తీసిన సర్టిఫైడ్ నకళ్లు. అమ్మేవాళ్లు ఇచ్చేవి మాత్రం ఒరిజినల్స్ కళ్లతో చూడాలన్నారు. అక్కడ నేను నోరెత్తలేదు. కలర్ జిరాక్స్ ఎంత బాగా వస్తుందో నాకంటే ఎవరికి తెలుసు? తీరా చూస్తే ఒరిజినల్స్ బ్యాంకులో ఉన్నాయి, పాత లోను తీరినా ఎవరూ వెళ్లి తెచ్చుకోలేదు. వాటిని తెప్పించి, బ్యాంకు నుంచి బాకీ లేదన్న కాగితం తీసుకున్నాకే కదిలాం. దస్తావేజులో 150 గజాలు, టేపు పెడితే 143. ఉత్తరం హద్దు 'రోడ్డు' అని ఉంది, అక్కడున్నది సందు. ఇంటి పన్ను రసీదు ఇంకా తాతగారి పేరు మీదే. వారసులు నలుగురూ సంతకానికి వచ్చేలా ముందే మాట తీసుకున్నారు. అప్పుడు గానీ అగ్రిమెంటు రాయలేదు. హక్కులో లోపం బయటపడితే 30 రోజుల్లో బయానా వెనక్కివ్వాలి అన్న వాక్యం ఆవిడే రాయించారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఇల్లు 34 లక్షలు. స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి ఏడున్నర శాతం. అంటే 2 లక్షల 55 వేలు. మధ్యవర్తికి ఒక శాతం, 34 వేలు. లాయరమ్మ గారికి 8 వేలు. మనవాళ్లు బేరమాడేది ఆ 8 వేల దగ్గరే.

దస్తావేజు లేఖరులను నేను తప్పుపట్టను. నా షాపుకు అన్నం పెట్టేది వాళ్లే. కానీ అమ్మేవాడూ కొనేవాడూ చెప్పింది పద్ధతిగా రాసిపెట్టడం వాళ్ల పని. చెప్పని మూడో మనిషిని వెతకడం కాదు. 'లోను ఇస్తున్నారు కదా, బ్యాంకు లాయరు చూసే ఉంటాడు' అనేవాళ్లూ రోజూ కనబడతారు. ఆ లాయరు చూసేది బ్యాంకు కోసం. ఫీజు మన ఖాతాలోంచి పోతుంది, రిపోర్టు వాళ్ల ఫైల్లోకి పోతుంది. అడిగితే గానీ మనకు కాపీ రాదు, అడిగినా ఇస్తారన్న నమ్మకం లేదు.

ఎవరిని పెట్టుకోవాలి అని నన్ను అడిగేవాళ్లకు ఒకటే చెబుతున్నాను. అమ్మేవాళ్లో మధ్యవర్తో తెచ్చినవాళ్లు వద్దు. మా వీధిలో క్రిమినల్ కేసులు చేసే లాయరు ఒకాయన "నేను ఇలాంటివి చూడను, చూస్తే నీకే నష్టం" అని ముఖం మీదే చెప్పేశాడు. ఆ మాటతో ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. అభిప్రాయం కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తారా అని ముందే అడగాలి. నోటిమాటగా 'బాగుంది' అన్నవాళ్లను రేపు పట్టుకోలేం. మనమూ దాచకూడదు. ధర ఎంత, ఇప్పటికే ఎంత ఇచ్చాం, ఎవరితో ఏ మాట అన్నాం, అన్నీ చెప్పాలి. బయానా ఇచ్చేశానని నేను మొదటి రోజు లాయరమ్మ గారికి చెప్పలేదు, సిగ్గేసి. రెండోసారి వెళ్లినప్పుడు చెప్పి బాగా తిట్లు తిన్నాను.

మా మేనల్లుడు ఇంగ్లండులో ఇల్లు కొన్నాడు. అక్కడ కొనేవాడికి ఒక సొలిసిటరు (ఇలాంటి పనులు చూసే లాయరు), అమ్మేవాడికి ఇంకో సొలిసిటరు ఉండటం మామూలట. డబ్బు కూడా వాళ్ల ఖాతాల ద్వారానే చేతులు మారుతుందట. ఇద్దరి మధ్య కాంట్రాక్టులు మార్చుకునేదాకా ఎవరైనా తప్పుకోవచ్చట. పైగా అక్కడ ల్యాండ్ రిజిస్ట్రీలో పేరు ఎక్కితే ఆ హక్కుకు ప్రభుత్వమే పూచీ. అంతా అయ్యేసరికి నెలలు పట్టిందని వాడు ఫోన్లో విసుక్కున్నాడు. పూచీ ఉన్నచోట అంత జాగ్రత్త, పూచీ లేనిచోట మనం ముహూర్తం చూసుకుని వారంలో తేల్చేస్తున్నాం.

అధికారులకు నా విన్నపం ఒకటుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో ఫీజుల పట్టిక పక్కనే, రిజిస్టరు అయినంత మాత్రాన హక్కుకు గ్యారంటీ లేదని, ఈసీలో రాని విషయాలు ఏవో నాలుగు ముక్కల్లో తెలుగులో బోర్డు పెట్టించండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, బార్ అసోసియేషన్ కలిసి నెలకో పూట కొనేవాళ్లకు కాగితాలు చూసుకోవడం నేర్పినా చాలు. కావాలంటే నా షాపు ముందు కుర్చీలు నేను వేస్తాను, జిరాక్సులు ఉచితం.

ఈలోగా నాకు చేతనైంది చేశాను. మెషీను పక్కన పెద్ద అక్షరాలతో 'పుట్టినవాళ్లు ఎంతమంది?' అని రాసి అంటించాను. మొన్న ఒక పెద్దాయన అది చదివి, కుటుంబ నియంత్రణ మళ్లీ మొదలెట్టారా బాబూ అని అడిగి వెళ్లాడు.

ఇట్లు,
జిరాక్స్ షాపు నడుపుకునే ఒక పాఠకుడు,
విజయనగరం