వార్షిక నివేదిక: సిగరెట్ పీకలపై మన సంఘం చేసిన పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

మొక్కల పెంపకం, వీధి దీపాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ ఈ ఏడాదీ యథావిధిగా జరిగాయి. వాటి ఖర్చులు కోశాధికారి ఇచ్చే లెక్కల్లో చూడవచ్చు. ఈసారి ఎక్కువ చోటు సిగరెట్ పీకలకే ఇవ్వవలసి వస్తోంది.

విశాఖ లాసన్స్ బే తీరంలో ఆదివారం శ్రమదానానికి వచ్చిన పిల్లలే దీన్ని మొదట పట్టుకున్నారు. సీసాలూ సంచులూ కంటికి కనిపిస్తాయి. పీకలు ఇసుకలో కూరుకుపోతాయి, జల్లెడ పడితే తప్ప బయటపడవు. దూదే కదా, మట్టిలో కలిసిపోతుందని చాలామంది సభ్యులు అన్నారు. ఆ ఫిల్టర్ సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్ పోగులతో చేసినది. ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, చివికినా సన్నని నలకలుగా విడిపోవడమే. పొగలోంచి అది పట్టి ఉంచిన నికోటిన్, సీసం, ఆర్సెనిక్ వంటివి నీళ్లలోకి దిగుతాయి. అమెరికాలోని శాండియాగో పరిశోధకులు 2011లో ప్రకటించిన ప్రయోగంలో, లీటరు నీటికి దాదాపు ఒక పీక చొప్పున నానిన నీళ్లలో వదిలిన చిన్న చేపల్లో సగం నాలుగు రోజుల్లో చచ్చిపోయాయి. పెదజాలరిపేట చేపలు కొనుక్కుని తినే మనకు ఇంతకంటే చెప్పాలా? మన ముసలమ్మలు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ నోటికి ఎంత చేటు చేసినా, చివరికి మిగిలేది ఆకు ముక్కే.

వాన పడితే కాలువల్లోని పీకలన్నీ గెడ్డల్లో పడి సముద్రంలోకే పోతాయి. తీరంలో ఏరడంకన్నా వీధిలోనే ఆపడం మేలని కార్యవర్గం తీర్మానించింది. టీ కొట్లు, కిళ్లీ బడ్డీల దగ్గర పాత నూనె డబ్బాల్లో సగం వరకు ఇసుక పోసి పెట్టాం. వారం తిరగకముందే వాటి నిండా టీ కప్పులు! మూత బిగించి, వేలు పట్టేంత రంధ్రం చేశాక గానీ దారికి రాలేదు. "డబ్బా పెడితే ఇక్కడే కాల్చమన్నట్టు కాదా?" అని ఒక బడ్డీ యజమాని అడిగారు. సబబైన ప్రశ్నే. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడంపై 2008 అక్టోబరు 2 నుంచి నిషేధం అమలులో ఉంది, 200 రూపాయల వరకు జరిమానా కూడా. అందుకే బస్టాపు ఛాయల్లో ఎక్కడా డబ్బా పెట్టలేదు.

పోగైన పీకలను ప్రస్తుతానికి వేరే సంచిలో కట్టి పారిశుద్ధ్య సిబ్బందికి అప్పగిస్తున్నాం. వీటిని శుద్ధి చేసి బొమ్మలు తయారుచేసే సంస్థ నోయిడాలో ఉంది. అంత దూరం పంపే ఖర్చు సంగతి సర్వసభ్య సమావేశంలో చర్చకు పెడతాం.

బాల్కనీల్లోంచి కింది కాలువలోకి పీకలు విసిరేవారెవరో కార్యవర్గానికి తెలుసు. ఈ ఏటి నివేదికలో పేర్లు రాయడం లేదు.

— కార్యదర్శి