లోగో రంగుల విషయంలో ఇకపై మా పద్ధతి

కస్టమర్లందరికీ నమస్కారం. ఒకే లోగోను వినైల్ మీద, కాన్వాస్ మీద వేయించి పక్కపక్కన పెడితే రంగు తేడాగా ఉంటోందని చాలామంది అడుగుతున్నారు. తేడా ఉన్న మాట నిజమే. అందుకే ఇకపై ప్రతి లోగో రంగునూ ఒక్కో మీడియాకు (వినైల్, కాన్వాస్ లాంటి ప్రింట్ చేసే సరుకుకు) విడిగా మ్యాచ్ చేసి, మా రిప్ సాఫ్ట్‌వేర్‌లో (ఫైల్‌ను ప్రింటర్ వేసే చుక్కలుగా మార్చే ప్రోగ్రాంలో) కస్టమ్ స్పాట్ కలర్‌గా, అంటే పేరు పెట్టిన ప్రత్యేక రంగుగా, భద్రపరుస్తాం.

మా వైడ్ ఫార్మాట్ ప్రింటర్లలో పాంటోన్ (నంబర్లతో గుర్తించే ప్రామాణిక రంగుల పద్ధతి) ఇంకు ఉండదు. సయాన్, మజెంటా, యెల్లో, బ్లాక్ (కలిపి సీఎంవైకే) ఇంకుల చుక్కలతోనే ఆ రంగు తేవాలి. ఫైల్‌లో స్పాట్ స్వాచ్ (పేరుతో దాచిన రంగు) ఉంటే రిప్ దాని పేరును తన రంగుల లైబ్రరీలో వెతుకుతుంది. దొరికితే మేం సరిచేసి పెట్టిన విలువలు వాడుతుంది. దొరక్కపోతే స్వాచ్ వెంట ఫైల్‌లో వచ్చిన సీఎంవైకే విలువలతో ప్రింట్ చేసేస్తుంది. కాబట్టి పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ‘పాంటోన్ 185 సి’, పాత ఫైళ్లలోని ‘పాంటోన్ 185 సివిసి’ మనకు ఒకటే అనిపించినా రిప్‌కు రెండు వేర్వేరు పేర్లు.

ఇలస్ట్రేటర్‌లో స్వాచ్ ఆప్షన్స్ తెరిచి కలర్ టైప్ ‘స్పాట్ కలర్’ అని ఉందో లేదో చూడండి. ‘ప్రాసెస్’ అని ఉంటే ఆ పేరు మా దాకా రాదు. జేపెగ్‌లో అసలు స్వాచే ఉండదు, వెక్టర్ పీడీఎఫ్ (బొమ్మ గీతలు, ఆకారాలుగా ఉన్న ఫైల్) కావాలి. దాన్ని అక్రోబాట్‌లో తెరిచి ఔట్‌పుట్ ప్రివ్యూలో చూస్తే మీ రంగు పేరు ఒక్కసారే కనబడాలి. రెండు స్పెల్లింగులతో ఉంటే ఒకటి మ్యాచ్ అవుతుంది, రెండోది అవదు. స్పాట్ రంగు మీద డ్రాప్ షాడో వేయకండి. ఫ్లాటెన్ అయినప్పుడు (పారదర్శక పొరలు ఒక్కటిగా కలిసినప్పుడు) ఆ భాగం సీఎంవైకేగా మారి, లోగో చుట్టూ వేరే ఛాయలో ఒక పెట్టె కనబడే ప్రమాదం ఉంది.

2022 నవంబరులో అడోబీ సాఫ్ట్‌వేర్ నుంచి చాలా పాంటోన్ లైబ్రరీలు తీసేశారు. కొన్ని పాత ఫోటోషాప్ ఫైళ్లలో ఆ రంగులు నల్లగా తెరుచుకున్నాయి. అందుకే మీ సంస్థ పేరుతోనే ఒక స్వాచ్ చేసుకుని, దానికి ల్యాబ్ విలువ (ఏ ప్రింటర్ మీదా, ఇంకు మీదా ఆధారపడని రంగు కొలత) ఇవ్వడం మంచిదని మా అభిప్రాయం. బ్రాండ్ గైడ్‌లైన్‌లో రాసి ఉన్న సీఎంవైకే అంకెలు మాకు ఉపయోగపడవు. అవే శాతాలు ఒక్కో ఇంకుతో, ఒక్కో కాగితం మీద ఒక్కో రంగుగా వస్తాయి.

మ్యాచింగ్ ఇలా చేస్తాం: ముందు ఆ మీడియాకు లీనియరైజేషన్ (ఇంకు పెరిగేకొద్దీ రంగు సమంగా చిక్కబడేలా చేసే సర్దుబాటు) సరిచూస్తాం. తర్వాత కావలసిన రంగు మధ్యలో ఉండేలా, చుట్టూ కొద్దికొద్దిగా మార్చిన గళ్లతో ఒక షీటు ప్రింట్ చేస్తాం. అది పూర్తిగా ఆరాక, మీకు వేయబోయే లామినేషనే దానికీ వేసి, రంగును కొలిచే పరికరమైన స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలుస్తాం. లామినేషన్ ముందు కొలిస్తే ఉపయోగం లేదు: గ్లాసీ (మెరిసేది) వేస్తే రంగు చిక్కబడుతుంది, మ్యాట్ (మెరవనిది) వేస్తే ముదురు రంగులు పాలిపోతాయి. డెల్టా ఈ (కావలసిన రంగుకూ వచ్చిన రంగుకూ మధ్య తేడా కొలత) 2 లోపు వచ్చిన గడినే లైబ్రరీలోకి ఎక్కిస్తాం. కంటితో పోల్చేది డీ50 లైటు (ప్రింట్ రంగులు చూడడానికి ప్రామాణికమైన, పగటి వెలుగు లాంటి లైటు) కిందే, ఎందుకంటే ఒక లైటు కింద కలిసిన రెండు రంగులు మరో లైటు కింద విడిపోవచ్చు. ప్రింట్ హెడ్ మారినా, ఇంకు రకం మారినా ఇదంతా మళ్లీ చేయాల్సిందే.

కొన్ని రంగులు మాత్రం ఎంత చేసినా రావు. ఆరెంజ్ 021, రిఫ్లెక్స్ బ్లూ, నియాన్, మెటాలిక్ రంగులు నాలుగు ఇంకుల పరిధికి బయట ఉన్నాయి. మీ రంగు అలాంటిదైతే ఆర్డర్ తీసుకునే ముందే చెప్పి, వీలైనంత దగ్గరగా వచ్చే రంగును ప్రూఫ్‌గా పంపుతాం. మీరు ఒప్పుకున్నాకే ప్రింట్ చేస్తాం.

నమూనాగా ఫోన్‌లో తీసిన ఫోటో పంపకండి. ఎండకు వెలిసిన పాత బోర్డు ముక్క కూడా వద్దు. సరైన రంగులో ఉన్న ప్రింట్ ముక్క గానీ, ల్యాబ్ విలువ గానీ పంపండి. పాంటోన్ నంబరు చెబితే కోటెడా (పూత ఉన్న కాగితం), అన్‌కోటెడా (పూత లేనిది) అన్నది కూడా రాయండి. ఇంకు ఒకటే అయినా రెండు కాగితాల మీద రంగు వేరుగా కనబడుతుంది, కొలతా వేరే వస్తుంది.