తాళంచెవి నా జేబులో ఉండిపోయిన శనివారం

విశాఖపట్నం,
గురువారం రాత్రి.

ఒరేయ్,

మొన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదురా. "మన చర్చి మందిరం కట్టే పని మొత్తం నా నెత్తిన పడింది. కమిటీలో పన్నెండు మంది ఉన్నారు, సిమెంటు లారీ వచ్చిన రోజు ఒక్కడూ కనబడడు" అన్నావు. ఏదో సర్దిచెప్పి పెట్టేశాను గానీ, తర్వాత ఆలోచిస్తే అది సర్దిచెప్పి వదిలేసే మాట కాదనిపించింది. రెండేళ్ళ క్రితం నేనూ అచ్చం అదే మాట అనేవాణ్ణి. అందుకే పిల్లలు పడుకున్నాక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. వాట్సాప్‌లో పెడితే ముక్కలు ముక్కలుగా పోతుంది.

మా చర్చి సహవాసం వాళ్ళం ప్రతి శనివారం సాయంత్రం కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్ళకి భోజనం పెడతామని నీకు తెలుసు. పాడేరు నుంచి, అరకు నుంచి, అటు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వస్తారు. చేతిలో ఉన్న డబ్బు మందులకే చాలదు. నూట ఇరవై మందికి సాంబారన్నం, ఒక్కోసారి పులిహోర. మొదట్నుంచీ అంతా నేనే చూసుకునేవాణ్ణి. బియ్యం కొనేది నేను, ఆటో మాట్లాడేది నేను, చందాలు పడేది నా ఫోన్‌పేలో. గుండిగలు, గరిటెలు, పొయ్యి, గ్యాస్ బండ పెట్టే గది తాళంచెవి నా బండి తాళాల గుత్తికే వేలాడేది. ఎవరైనా "నేను చూసుకుంటానన్నా" అంటే "ఎందుకులే, నేను దారిలో తీసుకెళ్తాను" అనేవాణ్ణి. అది ప్రేమ అనుకున్నాన్రా. నిజంగానే అనుకున్నాను.

తర్వాత టైఫాయిడ్ వచ్చింది. జ్వరం మత్తులో ఏ రోజో కూడా తెలియలేదు. ఆ శనివారం నలుగురు వచ్చి, గది ముందు గంటన్నర నిలబడి, నా ఫోన్ స్విచాఫ్ అని వెళ్ళిపోయారట. తాళంచెవి మా ఇంట్లో మేకుకు వేలాడుతున్న ప్యాంటు జేబులో ఉంది. ఆ సాయంత్రం గేటు దగ్గర ప్లేట్లు పట్టుకుని ఎంతమంది ఎదురుచూసి వెళ్ళారో నాకిప్పటికీ తెలియదు. అది తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

మర్నాడు ఆరాధన అయ్యాక ఒక అక్క ఇంటికి వచ్చింది. ఫిషింగ్ హార్బర్‌లో రొయ్యలు ఒలిచే పనికి వెళ్తుంది, వాళ్ళది శ్రీకాకుళం వైపు. మంచం పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని అంది: "ఏటి అన్నయ్యా, ఒక్క మాట సెప్తే తాళం పగలగొట్టయినా వండీసేవోళ్ళం కదా. మమ్మల్ని ఉల్లిపాయలు తరగడానికి పిలుస్తావు. లెక్క కాడికి ఎప్పుడైనా పిలిచావా?"

కోపం వచ్చింది. జ్వరంలో ఉన్నవాడితో ఇలాగా మాట్లాడేది అనుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టక బైబిల్లో నిర్గమకాండం 18 తీశాను. మోషే మామ యిత్రో కథ మనం సండే స్కూల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నాం! అయినా ఆ రాత్రి కొత్తగా చదివినట్టయింది. ఉదయం నుంచి సాయంత్రం దాకా మోషే ఒక్కడే కూర్చుని తీర్పులు చెబుతున్నాడు, జనం చుట్టూ నిలబడి ఉన్నారు. మామ చూసి, నువ్వు చేసేది మంచిది కాదు అన్నాడు. ఆ తర్వాతి మాట గమనించావా? నువ్వు ఒక్కడివే నలిగిపోతావని అనలేదు. నువ్వూ, నీతో ఉన్న ఈ ప్రజలూ నలిగిపోతారు అన్నాడు. ఒక్కడే అంతా మోస్తుంటే, మోసేవాడి కంటే ముందు నలిగేది పొద్దున్నించీ నిలబడి ఉన్నవాళ్ళు. మా గేటు దగ్గర ప్లేట్లు పట్టుకున్నవాళ్ళు.

వెయ్యిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్కరిని పెట్టమన్నాడు. వాళ్ళకి ఉండాల్సినవి కూడా చెప్పాడు: దేవుని యందు భక్తి, సామర్థ్యం, సత్యాసక్తి, ఆపైన "లంచగొండులు కాని" మనుషులు. మనం కమిటీలు వేసేటప్పుడు ఒకటి చూస్తే రెండోది మర్చిపోతాం. భక్తి ఉందని లెక్క రానివాణ్ణి ట్రెజరర్ని చేస్తాం, లేదా లెక్క వచ్చని నిజం పలకనివాణ్ణి చేస్తాం. ఇంకోటి, నాకు చాలా నచ్చింది: సలహా చెప్పాక యిత్రో తన దేశానికి వెళ్ళిపోయాడు. అక్కడే కూర్చుని పెత్తనం చేయలేదు.

సరే, పని పంచాలని అర్థమైంది. కానీ ఎవరికి? అక్కడే నేను ఇంకో ఆరు నెలలు తప్పు చేశానురా. నాకు నచ్చినవాళ్ళకి, నా మాట వినేవాళ్ళకి పంచాను. పని పంచాను గానీ తాళంచెవి పంచలేదు. ప్రతిదానికీ "అన్నని అడిగి చెప్తాం" అనేవాళ్ళు. అంటే పనివాళ్ళు పెరిగారు, అడ్డు మాత్రం అక్కడే ఉంది.

అపొస్తలుల కార్యములు 6 చదివేటప్పుడు ఒక సంగతి చూడు. యెరూషలేములోని తొలి సంఘంలో గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు, రోజూ చేసే పరిచర్యలో మా విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని. భోజనం దగ్గర తేడా వచ్చింది. అపొస్తలులు ఏం చేశారు? సణిగినవాళ్ళని కోప్పడలేదు, మేమే ఇకనుంచి జాగ్రత్తగా చూసుకుంటాం అనీ అనలేదు. మీలోనుంచి మంచిపేరు ఉన్న ఏడుగురిని మీరే ఏర్పరచుకోండి అన్నారు. ఎవరిని ఎన్నుకున్నారో చదువు: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. నీకొలాసు అయితే పుట్టుకతో యూదుడు కూడా కాదు, అంతియొకయ నుంచి వచ్చి యూదుల మతంలో కలిసినవాడు. గ్రీకు పేర్లు యూదుల్లో కూడా ఉండేవనుకో. అయినా ఏడుకి ఏడూ అవే అంటే, నాకు అర్థమైంది ఒకటే: మాకు అన్యాయం జరిగింది అని ఎవరు ఏడ్చారో, వాళ్ళ వైపువాళ్ళ చేతికే బల్ల అప్పగించారు. అదీ హెబ్రీ భాష మాట్లాడే యూదుల వంట కూడా వాళ్ళే చూసేలా! అంత నమ్మకం పెట్టడానికి గుండె కావాలి. ఆ వెంటనే, ఏడో వచనంలో, దేవుని వాక్యం ప్రబలింది, శిష్యుల సంఖ్య విస్తరించింది అని ఉంది.

అది చదివిన మర్నాడు తాళంచెవి ఆ రొయ్యల పని అక్కకి ఇచ్చేశాను. చందాల ఖాతా ముగ్గురి పేరు మీదకి మార్చాం. ప్రతి శనివారం గది గోడకి ఒక కాగితం అంటిస్తుంది తను: వచ్చిందెంత, ఖర్చెంత, మిగిలిందెంత. అక్షరాలు కొంచెం వంకరగా ఉంటాయి, లెక్క మాత్రం పైసాతో సరిపోతుంది.

నిన్ను ఒకటి అడుగుతాను, నొచ్చుకోకు. నీ పన్నెండు మందిలో చెక్కు మీద సంతకం ఎవరిది? ఇసుక ఎవరి దగ్గర కొనాలో నువ్వు కాకుండా ఇంకెవరైనా తేల్చగలరా? సిమెంటు దింపడానికి రాలేదని బాధపడుతున్నావు. ధర మాట్లాడటానికి పిలవనివాడు బస్తా మోయడానికి ఎందుకు వస్తాడు చెప్పు?

మందిరం కడుతున్నావు కాబట్టి, కూలిన యెరూషలేము గోడని తిరిగి కట్టించిన నెహెమ్యా పుస్తకం, 3వ అధ్యాయం నీకు బాగా పనికొస్తుంది. మనం దాటేసే అధ్యాయం అది, అన్నీ పేర్లే కదా అని. చాలామంది ఎవరి ఇంటి ఎదుటి గోడ వాళ్ళు కట్టారు. రాత్రి శత్రువు వస్తే ముందు తన ఇంట్లోకే వస్తాడని తెలిసినవాడు రాయి వదులుగా పెట్టడు కదా! కంసాలులు కట్టారు, పరిమళ ద్రవ్యాలు చేసేవాళ్ళు కట్టారు. షల్లూము తన కూతుళ్ళతో కలిసి కట్టాడు. బేత్‌హక్కెరెముకు అధిపతి అయిన మల్కీయా పెంట గుమ్మం బాగుచేశాడు. అధిపతి అయ్యుండి ఊరి చెత్త పోయే గుమ్మం తీసుకున్నాడు! తెకోవ ఊరివాళ్ళలో పెద్దలు మాత్రం పనికి వంగలేదు. కానీ ఆ ఊరి మామూలు జనం తమ వంతు అయ్యాక ఇంకో భాగం కూడా కట్టారు. మొత్తం గోడ యాభై రెండు రోజుల్లో పూర్తయింది.

ఆ జాబితాలో నెహెమ్యా అని ఒక పేరు కనిపిస్తుంది. అది మన నెహెమ్యా కాదు, అజ్బూకు కొడుకు, వేరే మనిషి. పని నడిపించినవాడు కట్టినవాళ్ళ జాబితాలో తన పేరు వేసుకోలేదు. మీ దగ్గర శిలాఫలకం మీద పేర్ల గొడవ అన్నావు కదా, అందుకని చెబుతున్నాను. బాబెలు గోపురం దగ్గర కూడా ఐకమత్యానికి లోటు లేదు. ఒకే భాష, మంచి ఇటుక, అందరూ ఒక్క మాట మీద ఉన్నారు. కానీ వాళ్ళు కట్టింది "పేరు సంపాదించుకుందాము" అని. కలిసి పనిచేయడం ఒక్కటే చాలదురా. ఎవరి పేరు కోసమో కూడా ముందే తేల్చుకోవాలి. నా మాట విని, ఫలకం మీద రాయాల్సి వస్తే ఇసుక మోసినవాళ్ళవీ రాయించు. లేకపోతే ఎవరివీ వద్దు.

ఐదో అధ్యాయం కూడా వదలకు. గోడ పని మధ్యలో జనం మొరపెట్టారు. పొలాలు కుదువపెట్టాం, పిల్లల్ని దాసులుగా ఇవ్వాల్సి వస్తోంది అని. గోడ అయ్యాక చూద్దాం అనలేదు నెహెమ్యా. వడ్డీ తీసుకుంటున్న పెద్దల్ని నిలబెట్టి పొలాలు తిరిగి ఇప్పించాడు. తనైతే పన్నెండేళ్ళు అధికారికి రావాల్సిన భత్యం కూడా తీసుకోలేదు. మా దగ్గర ఇంత పెద్ద సంగతి కాదు గానీ, శనివారం మధ్యాహ్నం రెండింటికి రమ్మనేవాళ్ళం. రోజు కూలీ వాళ్ళకి అంటే సగం రోజు డబ్బు పోయినట్టే. మొహమాటానికి ఎవరూ చెప్పలేదు. అక్క చెప్పాక నాలుగున్నరకి మార్చాం. మనుషులు రెట్టింపయ్యారు.

స్టీల్ ప్లాంట్‌లో చేసే ఒక తమ్ముడు ఇంకోటి నేర్పాడు. వాళ్ళకి ఎ, బి, సి షిఫ్టులు కదా, రిలీవర్ వచ్చి చార్జి తీసుకునేదాకా మనిషి కదలకూడదట. ఇప్పుడు మా దగ్గర ప్రతి పనికీ ఇద్దరు, ఒకరికొకరు రిలీవర్లు. బైబిల్లోనూ ఉందిరా ఇది. దావీదు యాజకుల్ని ఇరవై నాలుగు వంతులుగా పంచాడు, దాదాపు వెయ్యేళ్ళ తర్వాత బాప్తిస్మమిచ్చే యోహాను తండ్రి జెకర్యా దేవాలయంలో ధూపం వేయడానికి వెళ్ళింది ఆ వంతుల్లో ఒకటైన అబీయా తరగతి ప్రకారమే.

మన ఊళ్ళోనే చూడు. 1805లో లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, డెగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే ఆయన తోడై సువార్తల్ని తెలుగు చేయడం మొదలైంది. 1809లో క్రాన్ పోయాడు, 1810లో డెగ్రాంజెస్ పోయాడు. పని పోలేదు. అదే మిషన్‌కి చెందిన ప్రిచెట్ అందుకున్నాడు, 1818కి తెలుగులో కొత్త నిబంధన అచ్చయింది. వాళ్ళు కాగితాలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసుకుని ఉంటే? రాత్రుళ్ళు నాకు ఈ ఆలోచన వస్తుంటుంది.

పోయిన నెల ఒకరోజు తెల్లవారుజామున పెదజాలారిపేట వైపు నడవడానికి వెళ్ళాను. ఒడ్డు మీద నుంచి పెద్ద వల లాగుతున్నారు. రెండు తాళ్ళు, రెండు వరసలు, మధ్య చాలా దూరం. లాగుతూ లాగుతూ రెండు వరసలూ దగ్గరికి జరుగుతున్నాయి. చివర ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన లాగడం లేదు, వచ్చిన తాడుని చుట్టలుగా చుట్టి ఇసుక మీద పేరుస్తున్నాడు, అంతే. నడుము వంగిపోయింది. కానీ చుట్ట మీద చుట్ట ఎంత ఒద్దికగా పడుతోందో! వల వచ్చింది. ఎక్కువగా కవళ్ళు, కొన్ని కానాగంతలు. వాటాలు వేసేటప్పుడు ఆయనకీ లాగినవాళ్ళతో సమానంగా ఒక కుప్ప పెట్టారు. ఎవరూ మాట్లాడలేదు, అది వాళ్ళకి మామూలే.

అక్కడే నిలబడిపోయాను. బెసోరు వాగు గుర్తొచ్చింది. దావీదు వెంట యుద్ధానికి బయల్దేరింది ఆరువందల మంది. రెండువందల మంది అలసిపోయి వాగు దగ్గరే సామాను కాస్తూ ఆగిపోయారు. గెలిచి వచ్చిన నాలుగువందల్లో కొందరు వాళ్ళకి వాటా ఎందుకు అన్నారు. యుద్ధానికి వెళ్ళినవాడి భాగమెంతో సామాను దగ్గర ఉన్నవాడి భాగమూ అంతే అన్నాడు దావీదు, అది అప్పటినుంచీ కట్టడ అయింది. లూకా 5లో పేతురు వలలు పిగిలిపోతుంటే సైగ చేసి పిలిచింది ఎవరిని? వేరే దోనెలో ఉన్న "పాలివారిని". ఎంత చక్కటి మాటరా అది! పాలు ఉన్నవాడు, అంటే వాటా ఉన్నవాడు. సైగ చేస్తే చాలు, వచ్చేస్తాడు.

నీ పన్నెండు మందిలో పాలివారు ఎంతమందో ఒకసారి కాగితం మీద రాసి చూసుకో. తర్వాత ఫోన్ చెయ్. ఎంత రాత్రయినా పర్లేదు.

చెల్లెమ్మకి, పిల్లలకి నా ప్రేమ చెప్పు. క్రిస్మస్‌కి ఇటు రాగలిగితే శనివారం ఉండేలా చూసుకుని రా. ఈ వారం కాగితంలో నా పేరు ఎదురుగా "గుండిగలు తోమడం" అని రాసింది అక్క. పీచు, సబీనా కొనుక్కురమ్మంది. రేపు సాయంత్రం గుర్తుపెట్టుకుని కొనాలి.

నీ
పాత రూమ్మేట్