‘వాళ్లు’ అంటే ఎవరు?

సంపాదకులకు,

ఆన్‌లైన్ చర్చల్లో ద్వేషపూరిత వ్యాఖ్యల సంగతి ఎత్తితే చాలు, బండి నిర్వచనం దగ్గరే ఆగిపోతోంది. ఒకరికి విమర్శ అనిపించింది ఇంకొకరికి విద్వేషం. కొలబద్దలు లేక కాదు. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 2012లో తయారైన రబాత్ కార్యాచరణ ప్రణాళిక ఆరు అంశాలు చూడమంటుంది: సందర్భం, అన్నవారి స్థాయి, ఉద్దేశం, అన్న మాట, ఎంతమందికి చేరిందన్నది, హాని జరిగే అవకాశం. కాకపోతే అది నేరంగా శిక్షించడానికి పెట్టిన కొలబద్ద. వ్యాఖ్య తొలగించడానికి అంత అక్కర్లేదు. ఈ రెండిటినీ కలగలపడంతోనే సగం తగాదా.

‘వాళ్లను ఊళ్లోకి రానివ్వకూడదు’ అన్న వ్యాఖ్యే చూడండి. ఇందులో తిట్టు లేదు. పైన చర్చ దొంగల గురించైతే మామూలు మాట, ఒక కులం గురించైతే వెలివేత పిలుపు. వ్యాఖ్య ఉంచాలో తీసేయాలో తేల్చే పరిశీలకుడికి ఫిర్యాదు వచ్చిన ఆ ఒక్క వాక్యమే చూపిస్తే ఏం తేలుస్తాడు? దానికి ముందున్న నాలుగైదు వ్యాఖ్యలు, వచ్చిన జవాబులు కూడా అతని ముందు ఉండాలి.

తిట్ల జాబితా రాసి యంత్రానికి అప్పజెప్పడం మరీ అన్యాయం. తెలుగు మాటకు విభక్తి చేరితే రూపు మారుతుంది. అక్షరాల మధ్య చుక్క పెట్టినా, ఇంగ్లీషు లిపిలో రాసినా జల్లెడలోంచి జారిపోతుంది. ‘నన్ను ఇలా తిట్టారు’ అని ఆ మాటను ఎత్తి చూపిన బాధితుల వ్యాఖ్య మాత్రం ఠక్కున మాయం! ఫిర్యాదుల లెక్కను బట్టి దాచేయడమూ అంతే. పాతికమంది కూడబలుక్కుంటే నచ్చని వాదన ఏదైనా దించేయొచ్చు.

గడువుల సంగతీ చూడాలి. జర్మనీ 2017 చట్టం పెద్ద సామాజిక మాధ్యమ వేదికలకు, చట్టవిరుద్ధమని చూడగానే తెలిసేవాటిని 24 గంటల్లో, మిగతావి మామూలుగా 7 రోజుల్లో తీసేయాలని గడువు పెట్టింది. 2024 దాకా నడిచిన ఆ నిబంధనల్లో జరిమానా 5 కోట్ల యూరోల దాకా. ఉంచితే జరిమానా, అనవసరంగా తీసేస్తే ఏమీ ఉండేది కాదు. ఇక అనుమానం తగిలినదల్లా తీసేయరా? ఫ్రాన్స్‌లో ఇలాంటి 24 గంటల నిబంధనను, చట్టాలు రాజ్యాంగానికి తగ్గట్టున్నాయో లేదో తేల్చే రాజ్యాంగ మండలి 2020లో కొట్టేసింది ఈ భయంతోనే.

తీసేసిన ప్రతిసారీ ఏ నియమం, ఏ వాక్యం, గురి ఎవరు అన్న మూడూ రాసిన వారికి తెలపాలి. అప్పీలును మొదట తీసేసినవారు కాక వేరొకరు చూడాలి. అప్పుడప్పుడూ ఒకే వ్యాఖ్యను ఇద్దరు పరిశీలకులకు విడివిడిగా ఇచ్చి చూడాలి. తీర్పులు కలవకపోతే నియమంలో మాటలు సరిచేసి, ఆ వ్యాఖ్యను పేర్లు తీసేసి ఆ నియమం కిందే ఉదాహరణగా చేర్చాలి.

— ఒక పాఠకుడు