ఆదివారం పది గంటలకు పెద్దలకు ఫోను పాఠం

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు కింద సమావేశ గదిలో మన పెద్దవాళ్ల కోసం గంటన్నర కూర్చుందాం. నేర్పేవి రెండే: ఫోనులో క్యాబ్ పిలవడం, డాక్టరుతో వీడియోలో మాట్లాడడం.

ఎవరి ఫోను వాళ్లే తెచ్చుకోండి, ఛార్జింగ్ నిండుగా ఉండాలి. కళ్లజోడు, వాడుతున్న మందుల చీటీ మరచిపోవద్దు. ఆ చీటీని ఫొటో తీసి ఉంచుకుంటే డాక్టరు అడగగానే పంపవచ్చు.

ముందు అక్షరాల సైజు పెంచుతాం. సగం బెరుకు అక్కడే పోతుంది! తర్వాత క్యాబ్. మ్యాపులో వేలు కాస్త జరిగినా మనం ఎక్కే చోటు చూపే గుర్తు వెనక వీధిలోకి పోతుంది, బండీ అక్కడికే వెళ్లి నిలబడుతుంది. అందుకే ఇది అందరిచేతా రెండు మూడు సార్లు చేయిస్తాం. బండి నంబరు సరిచూసుకున్నాకే ఎక్కడం, ప్రయాణ వివరాలు ఇంటికి పంపడం కూడా చూద్దాం.

క్యాబ్ ఓటీపీ వేరు, బ్యాంకు ఓటీపీ వేరు. రెండోది ఎవరికీ చెప్పవద్దు, నేర్పే మాకు కూడా.

ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం లాంటివి వస్తే వీడియో కాల్ కోసం ఆగకండి, నేరుగా ఆసుపత్రికే.

పిల్లలూ, మీరు తోడు రండి. కానీ ఫోను లాక్కుని మీరే నొక్కేయకండి, దయచేసి.

వచ్చేవాళ్లు శుక్రవారం సాయంత్రంలోగా పేరు, ఫ్లాటు నంబరు ఇక్కడ రాయండి. మోకాళ్ల నొప్పులతో దిగలేనివాళ్లు చెబితే సోమవారం మేమే ఇంటికి వస్తాం.