స్టాప్‌వాచీకి చిక్కని ఆటగాడు

సంపాదకులకు,
అయ్యా,

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏటా జరిగే తుది పోరు సూపర్ బౌల్ ముగిసినప్పుడల్లా మన పత్రికల క్రీడా పుటల్లో నాలుగైదు పంక్తుల వార్త వస్తుంది. గెలిచిన జట్టు పేరు, పాయింట్లు, విరామంలో పాడిన గాయకుల ఫొటో, అంతటితో సరి. మనవాళ్లు ఆడని ఆట కాబట్టి అంతకు మించి ఆశించడం కూడా అత్యాశే. అయితే ఆ ఆటలో 1985 నుంచి 2004 వరకు 20 సీజన్లు ఆడిన జెర్రీ రైస్ క్రీడాజీవితంలో, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పిల్లలను క్రీడలకు ఎంపిక చేసేవారు తెలుసుకోదగినది చాలా ఉందని, వ్యాయామ ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన నాకు అనిపిస్తుంది.

రైస్ ఆడిన స్థానం పేరు వైడ్ రిసీవర్. మైదానం అంచుకు దగ్గరగా నిలబడి, ముందే అనుకున్న దారిలో పరుగెత్తి, జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని ప్రత్యర్థి మీద పడేలోగా అందుకోవడం అతని పని. సూటిగా పరుగెత్తే వేగం అందులో సగమే. ఎన్నో అడుగు దగ్గర మలుపు తిరగాలి, తిరిగే ముందు ప్రత్యర్థిని ఎటువైపు నమ్మించాలి అన్నది మిగతా సగం. ఖోఖోలో తరిమేవాడికి దొరకకుండా వరుస మధ్య నుంచి జారుకొనే పిల్లవాడిని చూసినవారికి ఈ విద్య కొత్తది కాదు.

రైస్ మిసిసిపీ రాష్ట్రంలో క్రాఫర్డ్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. తండ్రి తాపీమేస్త్రీ. సెలవుల్లో పరంజా మీద నిలబడి, కింది నుంచి అన్నదమ్ములు విసిరే ఇటుకలను అందుకోవడం అతని వంతు పని. ఒకరోజు బడి ఎగ్గొట్టి తిరుగుతూ బడి పెద్ద కంటపడగానే అతను పరుగు లంకించుకున్నాడట. ఆయన అతన్ని దండించడంతో సరిపెట్టుకోక, ఆ పరుగును చూసి ఫుట్‌బాల్ కోచ్‌కు అప్పగించారు. నా దృష్టిలో ఈ కథ మొత్తానికి అదే మూలం.

పెద్ద విశ్వవిద్యాలయాలు పట్టించుకోకపోవడంతో అతను మిసిసిపీ వ్యాలీ స్టేట్ అనే చిన్న సంస్థలో చేరి, 1984లో ఒక్క సీజన్‌లోనే 27 టచ్‌డౌన్ పాస్‌లు (గోల్ రేఖ దాటి పాయింట్లు తెచ్చే పాస్‌లు) అందుకున్నాడు. అయినా 40 గజాల పరుగులో అతని వేగం చాలదని చాలా జట్లు పెదవి విరిచాయి. శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు కోచ్ బిల్ వాల్ష్ మాత్రం అతని ఆటను టీవీలో చూసి మనసు పారేసుకొని, జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1985లో, ముందు స్థానానికి వచ్చేందుకు వేరే జట్టుతో మార్పిడి చేసుకొని మరీ 16వ ఆటగాడిగా తీసుకున్నాడు. అప్పటికే మరో ఇద్దరు రిసీవర్లు ఎంపికై ఉన్నారు.

మొదటి సీజన్ ఆరంభంలో చేతికందిన బంతులను జారవిడిచి, సొంత ప్రేక్షకుల చేతనే ఛీ అనిపించుకున్నాడు. జట్టు అతన్ని పక్కన పెట్టలేదు. సాధనలో బంతి అందుకున్న ప్రతిసారీ ఆగిపోకుండా గోల్ రేఖ దాటే వరకు పరుగెత్తడం అతని అలవాటు. 1987లో 12 మ్యాచ్‌ల్లోనే 22 టచ్‌డౌన్ పాస్‌లు అందుకున్నాడు. 1989 జనవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో 11 పాస్‌లు అందుకొని జట్టును 215 గజాలు ముందుకు నడిపి ఉత్తమ ఆటగాడయ్యాడు. మూడుసార్లు విజేత జట్టులో ఉన్నాడు. 1997లో మోకాలు దెబ్బతిన్నా నిలదొక్కుకొని, 40 ఏళ్లు నిండిన 2002 సీజన్‌లో సైతం 1,211 గజాలు సంపాదించాడు. ఆట మానేనాటికి అతని ఖాతాలో 1,549 పాస్‌లు, 22,895 గజాలు ఉన్నాయి. రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జ్‌గెరాల్డ్ 17,492 గజాల దగ్గర ఆగాడు. సీజన్‌కు 1,000 గజాలు దాటితే మంచి ఏడాదిగా లెక్కించే ఆటలో ఈ తేడా ఐదు మంచి సీజన్ల కంటే ఎక్కువ.

ఇక మన సంగతి. నేను పిల్లలను తీసుకువెళ్లిన ఎంపికలు చాలావరకు ఒక్క పూటలో ముగిసిపోయేవి. పాకాల వైపు నుంచో పలమనేరు వైపు నుంచో తొలి బస్సు పట్టుకొని వచ్చిన పిల్లవాడు, చొక్కాకు కాగితపు నంబరు గుచ్చుకొని, ఎండలో వంతు కోసం నిలబడి, ఒక్క పరుగు పరుగెత్తి, సెకన్లు రాయించుకొని తిరుగు బస్సు ఎక్కేవాడు. ఆ పిల్లవాడు ఆడగా చూసినవారు అక్కడ ఒక్కరూ ఉండరు. స్టాప్‌వాచీ అక్కరలేదని నేను అనను. దానికి సిఫార్సులు తెలియవు, ఎవరి అబ్బాయో తెలియదు. మన దగ్గర అది చిన్న సుగుణం కాదు. కానీ కాలాన్ని కొలిచినంత మాత్రాన ఆటను కొలిచినట్టు కాదు.

కాబట్టి ఎంపికను కనీసం రెండు రోజులు జరిపి, రెండో రోజు పిల్లల చేత పూర్తి మ్యాచ్ ఆడించాలని, ఏడాది పొడవునా వారిని చూసిన వ్యాయామ ఉపాధ్యాయుడి అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలని, పక్షపాతానికి తావు లేకుండా పరుగు, మ్యాచ్, అభిప్రాయం మూడింటి మార్కులను ఆ సాయంత్రమే మైదానం నోటీసు బోర్డులో పెట్టాలని ఉభయ జిల్లాల క్రీడాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
తిరుపతి