విచారణ ముగిసేదాకా దావా గడువు ఆగదు

సంపాదకులకు నమస్కారం.

పోలీసు స్టేషన్లో ఎవరో దెబ్బలు తిన్నారన్న వార్త మీ పత్రికలో వచ్చినప్పుడల్లా నా కళ్లు ముందుగా చివరి వాక్యం మీదికి పోతాయి. ‘విచారణకు ఆదేశించినట్లు అధికారులు తెలిపారు’ అని ఉంటుంది. అది చదివి బాధితుడి ఇంట్లోవాళ్లు కాస్త స్థిమితపడతారు. మేమూ అలాగే స్థిమితపడి మోసపోయాం.

నేను 31 ఏళ్లు ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా పనిచేశాను. నా చేతిమీదుగా నడిచినవన్నీ గట్టు తగాదాలు, ఆస్తి పంపకాలు, ప్రోనోటు దావాలే. మా అక్క కొడుకు ఇళ్లకు వైరింగ్ చేసేవాడు. పనిచేసి వచ్చిన ఇంట్లో గొలుసు పోయిందని పిలిపించి, రెండు రాత్రులు స్టేషన్లో ఉంచారు. అరెస్టు చూపలేదు. 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న నియమాన్ని పట్టించుకున్నవారు లేరు. అరెస్టు చేస్తే కుటుంబానికి కబురు చేయాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా, మాకు కబురు చేసింది మాత్రం ఒక కానిస్టేబుల్, అదీ చాటుగా, తన సొంత ఫోను నుంచి. ఆయన మేలు మరచిపోలేం. మూడోరోజు గొలుసు ఆ ఇంటివాళ్లకే దొరికింది. వీడిచేత తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని పంపేశారు. కుడి భుజం కీలు తప్పింది. ఇవాళ్టికీ ఆ చెయ్యి భుజం ఎత్తు దాటి లేవదు. నిచ్చెన ఎక్కి పైకప్పులో తీగలు లాగే పనికి ఇంకేం పోతాడు?

ఎస్పీ గారికి ఫిర్యాదు నేనే రాశాను. రసీదు తీసుకున్నాను. ఒక అధికారికి విచారణ అప్పగించారు. వాంగ్మూలానికి మూడుసార్లు పిలిచి, రెండుసార్లు సారు లేరని తిప్పి పంపారు. ‘నష్టపరిహారానికి దావా వేద్దామా?’ అని మా బావ అడిగితే, ‘రిపోర్టు రానీ బావా, అది చేతిలో ఉంటే దావాకు బలం’ అన్నది నేనే. పదిహేనో నెలలో నాలుగు పంక్తుల కాగితం వచ్చింది, ఆరోపణలు రుజువు కాలేదని. అది తీసుకుని మా ప్లీడరు గారి దగ్గరికి వెళితే, ఆయన మొదట భుజం సంగతి అడగలేదు, తేదీ అడిగారు.

అక్రమ నిర్బంధానికి నష్టపరిహారం కోరాలంటే, నిర్బంధం ముగిసిన ఏడాదిలోగా దావా వేయాలని, దావాలకు గడువులు పెట్టే లిమిటేషన్ చట్టం 73వ ఆర్టికల్ చెబుతోంది. చట్టాన్ని అమలుచేస్తూ చేశామని చెప్పే పనులకు 72వ ఆర్టికల్ కింద కూడా ఏడాదే. దావాకు ముందు ప్రభుత్వానికి ఇచ్చే రెండు నెలల నోటీసు కాలం మాత్రం ఆ లెక్కలోంచి మినహాయిస్తారు. మానవ హక్కుల కమిషన్‌కూ సంఘటన జరిగి ఏడాది దాటితే విచారించే అధికారం ఉండదు. స్టేషన్ కెమెరాల రికార్డింగు 18 నెలలు ఉంచాలని, అది వీలుకాకపోయినా ఏడాదికి తగ్గరాదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంటే సాక్ష్యం ఆయుష్షుకు కూడా గట్టి హామీ ఏడాదే. ఎటు చూసినా ఏడాదే. ఆ ఏడాదిని మింగేసిన విచారణ ఎప్పటికి ముగియాలో మాత్రం మాకిచ్చిన ఏ కాగితంలోనూ లేదు.

నేరుగా హైకోర్టుకు వెళ్లి పరిహారం అడగవచ్చు. లాకప్‌లో కొడుకును పోగొట్టుకున్న నీలబతి బెహెరాకు ఒడిశా ప్రభుత్వం రూ.1,50,000 చెల్లించాలని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఎవరు కొట్టారు, అసలు కొట్టారా అన్న దగ్గరే తగాదా ఉంటే, సాక్ష్యాలు తేల్చుకోవడానికి సివిల్ కోర్టుకే వెళ్లమనడం మామూలు.

మమ్మల్ని ఆదుకున్నది కోయిలకుంట్ల కేసు. 1977లో అక్కడి సబ్‌జైలు మీద బాంబులు వేసి ఒక ఖైదీని చంపారు, ఆయన కొడుకు గాయపడ్డాడు. ప్రభుత్వం మీద వాళ్లు వేసిన దావాకు గడువు దాటిందని కింది కోర్టు కొట్టేసింది. 72వ ఆర్టికల్ ఇక్కడ వర్తించదని హైకోర్టు రూ.1,44,000 ఇప్పించింది. 2000లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ తీర్పు పట్టుకుని, కొట్టడం చట్టం అమలు కాదు కాబట్టి మూడేళ్ల గడువు ఉందని మా ప్లీడరు గారు దావా వేశారు. అక్రమ నిర్బంధం మాట అందులో లేదు, దానికి కాలం చెల్లింది. ఆ రెండు రాత్రులూ పోయి, భుజం ఒక్కటే మిగిలింది. అవతలివైపు మొదటి అభ్యంతరం మేం కొట్టలేదని కాదు, లిమిటేషన్ అని.

పోలీసుల మీద ఫిర్యాదులకు జిల్లాల్లో విశ్రాంత జిల్లా జడ్జి, రాష్ట్రంలో విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన ప్రత్యేక సంస్థలు ఉండాలని 2006లోనే ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అలాంటి చోటికి వెళ్లవచ్చని మేం తిరిగిన ఏ కార్యాలయంలోనూ ఒక్కరూ చెప్పలేదు. నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఫిర్యాదు తీసుకున్నామని ఇచ్చే రసీదు మీదే, ఈ విచారణ వల్ల మీ దావా గడువు ఆగదని తెలుగులో ఒక ముద్ర వేయించాలి. విచారణ పెండింగులో ఉన్న రోజులను దావా గడువులోంచి మినహాయించేలా చట్టం మార్చాలి. తమ మనిషి మీద తామే విచారణ జరుపుతూ, ఆ ఆలస్యాన్ని కోర్టులో తమకే రక్షణగా చూపించుకోవడం అన్యాయం.

ఇలాంటి దశలో ఉన్నవారికి ఒక మాట. ఫిర్యాదు ఇచ్చిన రోజే, ఆ తేదీల కెమెరా రికార్డింగు భద్రపరచమని వేరే కాగితం రాసిచ్చి దానికీ రసీదు తీసుకోండి. ఎక్స్‌రే, ఆసుపత్రి చీటీలు పారేయకండి. రిపోర్టు కోసం ఆగకుండా ప్లీడరును కలవండి. ఖర్చుకు భయపడితే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోండి.

సంపాదకులు గారూ, ఈసారి ‘విచారణకు ఆదేశించారు’ అని వేసినప్పుడు, దాని కిందే దావాకు ఏడాది గడువని ఒక్క పంక్తి వేయించండి.

– ఒక విశ్రాంత ప్లీడరు గుమాస్తా